చిక్కటి నూనె

డాక్టరమ్మ అడిగింది చిన్న ప్రశ్నే. అడిగి ఆవిడ దారిన ఆవిడ వెళ్లిపోయింది. అది మాత్రం ఏలీషా గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

"పుస్తకంలో జీరో థర్టీ ఆయిల్ పొయ్యమని ఉందయ్యా. నువ్వు ట్వంటీ ఫిఫ్టీ పోశావు. ఎందుకని?"

ఆవిడ పేరు మృణాళిని. ఎముకల డాక్టరు, యాభై నాలుగేళ్ల మనిషి. సగం జీవితం ఊళ్లోవాళ్ల విరిగిన కాళ్లూ చేతులూ అతికించడంతోనే గడిచిపోయింది. ఈ ఏడు వానాకాలంలో, నలుగురూ నవ్వుతారన్న బెరుకు పక్కనబెట్టి, బెంగుళూరులో ఎవరో వాడి అమ్మేసిన విదేశీ స్పోర్ట్స్ కారు కొనుక్కుంది. రెండే సీట్లు. నేలకి జానెడు ఎత్తు. జనవరి నెలాఖరున చెన్నై అవతల రేసు ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు తెచ్చుకుని తోలుకునే రోజొకటి ఉందట. దానికి పేరిచ్చి పెట్టుకుంది. ఆ ఒక్క రోజు కోసమే ఆ కారు కొన్నానని ఆవిడే చెప్పింది, కొంచెం సిగ్గుపడుతూ.

విజయవాడ ఆటోనగర్‌లో షెడ్లకి కొదవలేదు. ఆవిడ ఏలీషా షెడ్డునే వెతుక్కుంటూ వచ్చిందంటే దస్తగిరి ఉస్తాద్ పేరు విని వచ్చింది. దస్తగిరి నలభై ఏళ్లు నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక ఏలీషాకి అప్పగించిన షెడ్డు అది.

కారు మొదట వచ్చినప్పుడు పొద్దున స్టార్ట్ చెయ్యగానే టకటకమని ఒక్క క్షణం చప్పుడు చేసి సర్దుకునేది. ఆ ఒక్క క్షణం ఏలీషాకి నచ్చలేదు. ఉన్న నూనె తీసేసి చిక్కటి ట్వంటీ ఫిఫ్టీ పోశాడు. చప్పుడు పోయింది. డాక్టరమ్మ సంతోషపడింది. రెండు నెలల తర్వాత, డిసెంబర్లో, తీరిక దొరికి కారుతో వచ్చిన పుస్తకం చదివేదాకా ఆ సంతోషం అలాగే ఉంది.

ఏలీషా ఆవిడకి నవ్వుతూనే జవాబు చెప్పాడు. "ఆ పుస్తకం రాసినోళ్లు మంచు కురిసే దేశంలో కూర్చుని రాశారమ్మా. బెజవాడ ఎండ వాళ్లకేం తెలుసు? జీరో థర్టీ అంటే మంచినీళ్లే. మన ఎండకి అది ఇంజన్‌లో నిలబడదు." అని గోడకేసి చెయ్యి చూపించాడు.

గోడ మీద నీలిరంగు అక్షరాలున్నాయి, ఒక్కోటి మూరెడు. "మన ఎండకి చిక్కటి నూనె పొయ్యాలి. - దస్తగిరి ఉస్తాద్."

డాక్టరమ్మ చదివింది. "చప్పుడు పోయింది, సరే. అసలు ఎందుకొచ్చిందో తెలిసిందా?" అంది. "నా దగ్గరికొచ్చేవాళ్లకి నేను నొప్పి తగ్గించగలను. నొప్పి తగ్గితే రోగం పోయినట్టు కాదుగా."

ఏలీషా తల గోక్కున్నాడు. బ్రేకులు కూడా చూడమని ఆవిడ కారు వదిలేసి ఆసుపత్రికి వెళ్లిపోయింది.

నూనె డబ్బా మీది రెండు అంకెల సంగతి ఏలీషాకి తెలియక కాదు. ముందు అంకె ఇంజన్ చల్లగా ఉన్నప్పటిది. అది ఎంత చిన్నదైతే నూనె అంత చురుగ్గా పారుతుంది. వెనక అంకె ఇంజన్ కాగినప్పటిది. అది ఎంత పెద్దదైతే నూనె అంత చిక్కగా నిలబడుతుంది. ఇంజన్‌లో ఇనుముకీ ఇనుముకీ మధ్య ఎంత సందుంటే దానికి తగ్గ నూనె పొయ్యాలి. పని నేర్చుకునేవాళ్లకి ఏలీషా మొదటి నెలలోనే ఇది చెప్పేవాడు. చెప్పడం వేరు. గోడ మీద తన చేత్తో రాసుకున్నదాన్ని కాదనుకోవడం వేరు.

ఆ మాట దస్తగిరి అన్నదే. పాతికేళ్ల కిందట, రోహిణి కార్తెలో, అరిగిపోయిన అంబాసిడర్ టాక్సీ ఒకటి పొగలు కక్కుతూ వస్తే ఆ డ్రైవరుతో అన్నాడు. అప్పుడు ఏలీషాకి పంతొమ్మిదేళ్లు, చేరి నెల కూడా కాలేదు. ఉస్తాద్ నోట విన్న మొదటి గట్టి మాట కాబట్టి అది గుండెల్లో నాటుకుపోయింది. షెడ్డు తన చేతికొచ్చిన రోజున పెయింటర్‌ని పిలవకుండా తనే నిచ్చెనెక్కి రాశాడు. ఉస్తాద్ చూసి, "ఏ బండికో కూడా రాయరా," అన్నాడు. "చోటు చాల్లేదు ఉస్తాద్," అని ఏలీషా నవ్వేశాడు.

దస్తగిరి ఇప్పటికీ రోజూ ఎనిమిదింటికల్లా షెడ్డుకి వచ్చేవాడు. డెబ్బై నాలుగేళ్లు. అంబాసిడర్ నుంచి ఊడదీసిన వెనక సీటొకటి ఆయనకి ఆసనం. మేకుకి వేలాడదీసిన కర్రపిడి స్క్రూడ్రైవరు ఆయన ఆస్తి. ఏ చప్పుడో ఎక్కడి నుంచో తెలియక తల పట్టుకున్నవాళ్లు కృష్ణా, గుంటూరు రెండు జిల్లాల నుంచీ పొద్దున్నే వచ్చి నిలబడేవాళ్లు. ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజన్‌కి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "మూడో సిలిండరు," అనేవాడు. లేకపోతే, "ఇంజన్‌లో ఏం లేదు, నీ సైలెన్సర్ బిగించుకో పో," అనేవాడు. ఒక టీ తప్ప ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేవాడు కాదు. ఆ పిడి ఆయన చెవి ఆకారానికి అరిగిపోయింది. "మా మామయ్య ఆ గంటసేపటి కోసమే బతికున్నాడు," అని కోడలు హమీదా నవ్వుతూ అనేది.

ఏలీషా ఆ సాయంత్రం సీటు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒక మాట చెప్పండి. పుస్తకం కరెక్టా, మీ మాట కరెక్టా?"

"ఏ మాట?"

ఏలీషా గోడ చూపించాడు. తన మాటే కరెక్టని ఉస్తాద్ అంటే, అదే డాక్టరమ్మకి చెప్పి హాయిగా నిద్రపోవాలని అతని ఆశ. ప్రశ్న అడిగినవాడికి కావల్సింది జవాబు కాదు, వత్తాసు.

దస్తగిరి గోడకేసి చూశాడు. తర్వాత కారుకేసి చూశాడు. "ఈ బండి ఇంజన్ ఎన్ని చుట్లు తిరుగుతుందిరా, నిమిషానికి?"

"ఎనిమిది వేలు."

"పొద్దున చల్లగా ఉన్నప్పుడు చూద్దాం. అప్పటిదాకా స్టార్ట్ చెయ్యబాక."

మర్నాడు మంచు పట్టింది. కృష్ణానది వైపు నుంచి చలిగాలి కొడుతోంది. దస్తగిరి మఫ్లర్ చుట్టుకుని వచ్చి, నూనె పోసే మూత తీయించాడు. ఆ చోట నుంచి చూస్తే ఇంజన్ పైభాగం లోపల కనపడుతుంది.

"కారు చుట్టూ పరిగెత్తు," అన్నాడు.

"ఎవరు, నేనా?"

"మూడు చుట్లు."

ఏలీషాకి నలభై నాలుగేళ్లు. పొట్ట ఉంది. పక్క షెడ్డులో రేడియేటర్లు బాగుచేసే సుభానీ అప్పుడే వచ్చి పళ్లు తోముకుంటూ నిలబడ్డాడు. అయినా ఉస్తాద్ చెప్పాక తప్పుతుందా? పరిగెత్తాడు. సుభానీ నోట్లో బ్రష్షు పెట్టుకునే నవ్వాడు. మూడో చుట్టుకి ఏలీషా రొప్పుతున్నాడు.

"ఇంజన్ లేవడం లేవడమే పరుగుతో లేస్తుంది. నువ్వు ఇప్పుడు దాంతో సమానం," అన్నాడు దస్తగిరి. "ఉన్న ఊపిరంతా వదిలెయ్యి. వదిలి, బిగబట్టు. ఆ మూత తీసినచోట చూస్తా ఉండు. పైకి నూనె వచ్చినాక పీల్చుకో. అందాకా వద్దు. మనసులో లెక్కపెట్టుకో."

ముసలాయన ఆ పొట్టి సీటులోకి నడుం వంచి దిగడానికి చాలా అవస్థ పడ్డాడు. దిగి, స్టార్ట్ చేశాడు.

ఏలీషా టార్చి వేసి చూశాడు. ఇనుము మీద ఇనుము తిరుగుతోంది. ఒకటి. నూనె రాత్రంతా కిందికి జారిపోయి, పైన పల్చటి మెరుపు తప్ప తడి లేదు. రెండు, మూడు. నూనె రాలేదు. నాలుగుకి గుండె చెవుల్లో కొట్టుకుంది. ఐదుకి డొక్కలు ఎగిసిపడ్డాయి. ఆరుకి కళ్ల ముందు నల్లటి చుక్కలు తిరిగాయి. ఇంక ఆగలేక నోరు తెరిచి గాలి మింగేశాడు. అప్పుడు, ఏడుకి, కింద నుంచి నూనె బద్ధకంగా పైకి వచ్చింది.

దస్తగిరి ఇంజన్ ఆపాడు. "ఎన్ని?"

"ఏడు."

"నువ్వెంతదాకా ఆగావు?"

"ఆరు."

దస్తగిరి తల ఊపాడు. చేతులకి ఏమీ అంటకపోయినా గుడ్డకి తుడుచుకున్నాడు. "టీ చెప్పు, చలిగా ఉంది," అని వెళ్లి తన సీటులో కూర్చున్నాడు.

అంతే. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ఏలీషాకి అర్థం కాకపోతే బాగుండేది. అక్షరం పొల్లుపోకుండా అర్థమైంది. రోజూ పొద్దున ఆ ఇంజన్ ఏడు లెక్కపెట్టేంతసేపు ఊపిరాడకుండా పరిగెత్తుతోంది. రెండు నెలల నుంచీ. తను పోసిన చిక్కటి నూనె దానికి ఆలస్యంగా అందుతోంది, వెంట్రుకంత సందుల్లోకి అసలు అందుతోందో లేదో తెలియదు. అయినా పైకి చప్పుడు లేదు కాబట్టి అందరూ బాగుందంటున్నారు.

నూనె మార్చడం పావుగంట పని. జీరో థర్టీ డబ్బా బీరువా పైనే ఉంది. కానీ మారిస్తే ఎందుకు మార్చావని డాక్టరమ్మ అడుగుతుంది. మంచు దేశమని తను వేసిన జోకు గుర్తు చేస్తుంది. పొద్దున పరిగెత్తింది సుభానీ చూశాడు, వాడు ఇప్పటికే నాలుగు షెడ్లకి చెప్పి ఉంటాడు. ట్రాక్ రోజు కానిచ్చుకుని వచ్చాక సర్వీసు పేరు చెప్పి మార్చేద్దాంలే అనుకున్నాడు. రెండు నెలలు నడిచింది ఇంకో నెల నడవదా అనుకున్నాడు. ఉస్తాద్ కూడా మార్చమని నోరు తెరిచి చెప్పలేదు కదా అని కూడా అనుకున్నాడు. ఈ ఆఖరిది అనుకున్నప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా అనుకున్నాడు. బ్రేకులు చూసి కారు పంపించేశాడు.

ట్రాక్‌కి వెళ్లే ముందు రోజు డాక్టరమ్మ టైర్లలో గాలి చూపించుకోవడానికి వచ్చింది. గంటసేపు కారు షెడ్డులోనే ఉంది. ఆవిడ చిన్నపిల్లలా కొత్త హెల్మెట్ తెచ్చి అందరికీ చూపించింది. ఏలీషా కళ్లు రెండుసార్లు బీరువా పైకి వెళ్లాయి. ఆ సమయానికే వేరే షెడ్డు వాళ్లిద్దరు వచ్చి, "ఏం చేశావన్నా, అంత సైలెంటుగా నడుస్తంది," అని మెచ్చుకుంటూ కారు చుట్టూ తిరిగారు. అంబాసిడర్ సీటులోంచి దస్తగిరి ఏలీషానే చూస్తున్నాడు. ఏలీషా గాలి గొట్టం చుట్ట చుట్టుకుంటూ అటు తిరిగి నిలబడ్డాడు.

"జాగర్తగా వెళ్లిరండమ్మా," అన్నాడు.

మూడో రౌండులో ఇంజన్ పోయిందట. తిన్నటి దారిలో ఎనిమిది వేల చుట్ల మీద తోలుతుంటే కింద నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చిందనీ, ఆవిడ వెంటనే ఆపేసి పక్కకి తీసిందనీ, మనిషికి ఏమీ కాలేదనీ ఫోనులో తెలిసింది. మనిషికి ఏమీ కాలేదన్న మాట విని ఏలీషా బాత్రూంలోకి వెళ్లి కుళాయి తిప్పుకుని ఏడ్చాడు.

రెండో రోజు కారుని లారీ మీద ఎక్కించి తెచ్చారు. ఆవిడ కూడా వచ్చింది. సుభానీ, మెచ్చుకున్న ఆ ఇద్దరూ, చప్పుళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లు, అందరూ పోగయ్యారు. ఏలీషా ఇంజన్ కింద నూనె నిలిచే చాంబర్ విప్పాడు. నూనెలో ఇనుప రజను తళతళలాడుతోంది. ఇంజన్‌ని తిప్పే క్రాంకుని పట్టుకునే బేరింగు షెల్లు ఒకటి చేతిలోకి ఊడి వచ్చింది. వెండిలా ఉండాల్సింది రాగిరంగు తేలి, గీతలు పడిపోయింది.

డాక్టరమ్మ దాన్ని అడిగి తీసుకుంది. కళ్లజోడు పైకి నెట్టి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"కీలు అరిగిపోయింది," అంది. "లోపల తడి అందకపోతే మోకాలు చిప్ప ఇట్లాగే ఉంటుంది. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదు."

షెల్లు అరచేతిలో పెట్టుకుని ఏలీషాకేసి తిరిగింది.

"నేను ఆ రోజే అడిగాను," అంది. గొంతు పెంచలేదు. "పుస్తకంలో ఉన్న నూనె వద్దని ఎవరు చెప్పారు?"

నేను, అనాలి. రెండక్షరాలు. ఏలీషా నోరు తెరిచాడు. చుట్టూ ఉన్న ముఖాలు కనపడ్డాయి. వెనక ఉన్న గోడ కనపడింది. చెయ్యి దానంతటదే లేచింది.

"ఉస్తాద్ మాట అమ్మా అది," అన్నాడు. "మా ఉస్తాద్ మాట నేనెన్నడూ దాటలేదు."

అందరూ అంబాసిడర్ సీటువైపు తిరిగారు.

దస్తగిరి అప్పుడే ఎవరిదో బండి వినడానికి స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకున్నాడు. ఏలీషాకేసి చూశాడు. ఆ చూపులో కోపం లేదు. ఉంటే ఏలీషా తట్టుకునేవాడు.

"అవునమ్మా," అన్నాడు. "ఆ మాట నాదే."

ఏ బండికి అన్నాడో చెప్పలేదు. డిసెంబర్లో ఒక మంచు పొద్దున ఎవడి చేత పరిగెత్తించాడో చెప్పలేదు.

డాక్టరమ్మ ఆయనకేసి తిరిగింది. "మీ పేరు విని వచ్చానండీ నేను," అంది. "పెద్దవారు, మిమ్మల్ని ఏమనను? మా డాక్టర్లలో కూడా ఉన్నారు, చెయ్యి ఆడటం మానేసినా చెప్పడం మానరు." షెల్లుని బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది.

దస్తగిరి లేచాడు. చప్పుడు వినిపించడానికి వచ్చినవాడు తన బండి బానెట్ నెమ్మదిగా మూసేశాడు. ముసలాయన అది చూశాడు. స్క్రూడ్రైవరుని మేకుకి తగిలించబోయి, మళ్లీ ఏమనుకున్నాడో జేబులో పెట్టుకుని, మఫ్లర్ సర్దుకుని ఇంటికి నడిచాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

ఆటోనగర్‌లో మాటకి కాళ్లుంటాయి. ఉస్తాద్‌కి చెవులు పోయినయ్యంట అన్నారు మొదటి వారం. మతి కూడా తప్పిందంట అన్నారు రెండో వారం. మూడో వారానికి, ఆయన చేతిలో ఇంతకుముందు కూడా నాలుగైదు ఇంజన్లు పోయినయ్యంట, ఏలీషానే కప్పిపుచ్చుకుంటూ వచ్చాడంట, పాపం, అన్నారు. ఆ పాపం తన గురించే అని తెలిసి ఏలీషా అన్నం సహించక లేచిపోయాడు. కానీ ఎవరితోనూ కాదనలేదు. రేపు చెబుదాం అనుకునేవాడు. పొద్దున వచ్చి నిలబడేవాళ్లు ఒక్కొక్కరే తగ్గి, నెల తిరిగేసరికి అందరూ రావడం మానేశారు. షెడ్డుకి పని మాత్రం తగ్గలేదు. గురువు తప్పుని శిష్యుడు నెత్తిన వేసుకుని ఇంజన్ కడుతున్నాడని ఇంకా పేరొచ్చింది.

ఇంజన్ సామాన్లు విదేశం నుంచి రావాల్సి వచ్చింది. వచ్చిన ప్రతిదాన్నీ ఏలీషా ఇంకెవరినీ ముట్టుకోనివ్వకుండా తనే బిగించాడు. పుస్తకాన్ని చదువుకున్న మేనకోడలి చేత వాక్యం వాక్యం చదివించుకున్నాడు. అందులో మంచు దేశం ఊసు లేదు. ఎండ దేశాలకి వేరే పట్టిక ఉంది. నలభై డిగ్రీల ఎండకి కూడా జీరో థర్టీయే రాసి ఉంది. చల్లటి ఇంజన్ మీద ఒకటి రెండు క్షణాలు టకటకమని వినపడటం మామూలేననీ రాసి ఉంది. రోగం కాని దానికి తను మందు పోశాడు.

మార్చి మొదటి వారంలో ఇంజన్ కట్టడం అయింది. ఏలీషా పొద్దున్నే ఎవరూ రాకముందు షెడ్డు తీశాడు. జీరో థర్టీ పోశాడు. మూత తీసి పెట్టాడు. తర్వాత, పరిగెత్తమని ఎవరూ చెప్పకపోయినా, కారు చుట్టూ మూడు చుట్లు పరిగెత్తాడు. నవ్వడానికి సుభానీ కూడా లేడు. ఊపిరంతా వదిలేసి, బిగబట్టి, అద్దంలోంచి చెయ్యి పెట్టి స్టార్ట్ నొక్కి, పరుగున వచ్చి మూత చోట చూశాడు.

ఒకటి. టకటకమంది. రెండు. నూనె తుళ్లుకుంటూ పైకొచ్చింది, చప్పుడు ఆగిపోయింది.

ఏలీషా బానెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

పదకొండింటికి డాక్టరమ్మ కారు తీసుకుపోవడానికి వచ్చింది. ఏలీషా సుభానీని పిలిచాడు. ఆ రోజు ఉన్నవాళ్లందరినీ పేరుపేరునా పిలిపించాడు. అందరి ముందూ చెప్పాడు. ఉస్తాద్ ఆ మాటన్నది పాతికేళ్ల నాటి అంబాసిడర్‌కి. ఈ కారుకి ఆ నూనె తప్పని ఆయన నాకు డిసెంబర్లోనే చూపించాడు. నాకు తెలిసింది. తెలిసే మార్చలేదు. తెలిసే ఆయన మీదికి తోశాను.

సుభానీ తల దించుకున్నాడు. ఆ పొద్దుటి పరుగు అతని కళ్ల ముందే జరిగింది మరి.

డాక్టరమ్మ తాళం చేతిలో తిప్పింది. "మరి ఆయన ఆ రోజు ఎందుకు మాట్లాడలేదు?" అంది.

ఏలీషా ఖాళీ మేకుకేసి చూశాడు.

"నేను ఆయన్ని అన్న మాట ఉంది చూశావా," అందావిడ. ఇంకేదో అనబోయి ఆపేసి, కారెక్కి వెళ్లిపోయింది. ఆ కారు మళ్లీ ఆ షెడ్డుకి రాలేదు.

ఏలీషా చేతులు కడుక్కుని, చెప్పులేసుకుని, పటమట వెనక సందులో ఉన్న ఉస్తాద్ ఇంటికి నడిచాడు.

దస్తగిరి వసారాలో కుక్కి మంచం మీద కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయాడు. గెడ్డం తెల్లగా మాసి ఉంది. పక్కన కిటికీ రెక్క గాలికి కొట్టుకోకుండా సందులో ఏదో దోపి ఉంది. ఏలీషా అది ఏమిటో చూశాడు. చెవి ఆకారానికి అరిగిన కర్రపిడి స్క్రూడ్రైవరు.

"కూర్చో," అన్నాడు దస్తగిరి. "అమ్మా హమీదా, ఏలీషా వచ్చాడు, టీ పెట్టు."

లోపల నుంచి హమీదా పలకలేదు. స్టవ్వు వెలిగించిన చప్పుడూ రాలేదు.

ఏలీషా నేల మీద కూర్చున్నాడు. పాతికేళ్ల కిందట మొదటిసారి వచ్చినప్పుడు కూడా అక్కడే కూర్చున్నాడు.

"ఉస్తాద్, డాక్టరమ్మకి చెప్పేశాను. అందరి ముందూ చెప్పాను. తప్పు నాదేనని."

"మంచిది."

"జీరో థర్టీ పోశాను. రెండుకల్లా అందింది."

"అందుద్ది. మంచి ఇంజన్ అది."

"గోడ మీద మాట చెరిపేస్తాను."

"ఎందుకు? మాట మంచిదే. బండి పేరు రాయి, చాలు." దస్తగిరి కొంచెం నవ్వాడు. "చోటు చాలదన్నావుగా అప్పుడు."

ఏలీషా ఆయన పాదాల దగ్గరికి జరిగాడు. "రేపటి నుంచి రండి ఉస్తాద్. మీ సీటు అట్టానే ఉంచాను. ఎవర్నీ కూచోనివ్వలా. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్తాను, బళ్లు తీసుకొస్తారు. మళ్లీ మీరు వినాలి."

దస్తగిరి కిటికీవైపు చూశాడు. గాలికి రెక్క కదలబోయి, స్క్రూడ్రైవరు అడ్డుండి ఆగిపోయింది.

"ఆ సీటు దుమ్ము దులిపి ఉంచు," అన్నాడు. "ఎవరన్నా ముసలోళ్లు వస్తే కూచోబెట్టు."

"ఉస్తాద్, నేను చెప్పేశాను కదా. అందరికీ చెప్పేశాను కదా."

"చెప్పావు. కాదన్లా."

లోపల గిన్నె కింద పడిన చప్పుడైంది. దస్తగిరి మఫ్లర్ అంచు వేళ్లతో సవరించుకున్నాడు. కొంచెం ముందుకి వంగి, ఇంజన్‌కి చెవి పెట్టినప్పుడు అడిగే గొంతుతోనే, మెల్లగా అడిగాడు.

"ఈసారి ఎంతదాకా లెక్కపెట్టావురా?"

ఇంజన్ లెక్క ఏలీషా ఇందాకే చెప్పాడు, ఉస్తాద్ అడిగేది అది కాదు. డాక్టరమ్మ షెల్లు బల్ల మీద పెట్టి వెళ్లిన నాటి నుంచి రోజులు వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. జనవరి నెలాఖరు. ఫిబ్రవరి మొత్తం. మార్చిలో ఇవాళ్టిదాకా. లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. దస్తగిరి తొందరపెట్టలేదు.

"ముప్పై ఎనిమిది రోజులు," అన్నాడు ఏలీషా, నేలకేసి చూస్తూ.

దస్తగిరి అప్పుడు ఊపిరి వదిలాడు.